తిథి, స్థితి, నిరీక్షణ: ఆడ మృగాల వధకాలంపై ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

ప్రాణిని చంపవచ్చునా, చంపరాదా అన్న ప్రశ్న భారతీయ ధర్మచింతనలో విస్తారంగా చర్చకు వచ్చింది. అహింసావాదం, యజ్ఞహింసా సమర్థనం, రాజధర్మంగా మృగయ అనే వాదాలన్నీ ఈ ప్రశ్న చుట్టూ రూపుదిద్దుకున్నవే. దీనికి తోబుట్టువైన మరో ప్రశ్న దీని నీడలోనే ఉండిపోయింది. చంపడం ఒప్పేనని అంగీకరించిన తరువాత, ఎప్పుడు చంపాలి? ఆడ మృగం విషయంలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. ఎదకు వచ్చిన లేడి, చూడి లేడి, పాలిచ్చే లేడి ఒకే లేడి కావచ్చు. అయినా ఒక్కొక్క స్థితిలో దానికి తగిలే బాణం ఒక్కొక్క విధమైన బంధాన్ని తెంచుతుంది. మొదటి స్థితిలో ఒక జంట, రెండవ స్థితిలో ఇంకా పుట్టని ప్రాణం, మూడవ స్థితిలో పొదలో దాగి తల్లికోసం ఎదురుచూసే పిల్ల ఆ బాణానికి గురి అవుతాయి.

తెలుగు ప్రబంధాలలోని వేటను విమర్శకులు ఎక్కువగా వర్ణనాకౌశలం దృష్టితో చూశారు. మనుచరిత్రలోని స్వరోచి వేట వంటి ఘట్టాలు దేశి పదసంపదకు, కదలికల చిత్రణకు ఉదాహరణలుగా నిలిచాయి. అయితే కావ్యాలలోనూ, పురాణకథలలోనూ వేట ఒక ధర్మసందేహంగా కనిపించే సందర్భాలు ఉన్నాయి. ఆ సందర్భాలలో ప్రశ్న తరచుగా వధ గురించి కాక, వధకాలం గురించి ఉంటుంది. ఈ వ్యాసం అలాంటి కొన్ని కథలలోని వాదాన్ని విడదీసి చూసి, దానిని ఆధునిక చట్టాలతోనూ, కృష్ణా డెల్టాలోని నేటి జీవనంతోనూ పోల్చి పరిశీలిస్తుంది. కాలనియమం దయకు గుర్తా, లేక మరింత కాలం చంపుతూ ఉండడానికి చేసుకున్న ఏర్పాటా అన్నది ఇక్కడి మూలప్రశ్న. ఆ నిరీక్షణ భారాన్ని ఎవరు మోస్తున్నారన్న దానిపైనే దీని సమాధానం ఆధారపడి ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కిందముడి వాదం

మహాభారతం ఆదిపర్వంలోని పాండురాజు శాపకథ సుప్రసిద్ధం. కిందముడనే ముని మృగరూపం ధరించి, మృగరూపంలోనే ఉన్న భార్యతో కూడి ఉండగా పాండురాజు బాణాలు వేశాడు. నేలకొరిగిన మృగం మనుష్యభాషలో మాట్లాడి రాజును నిలదీసింది. కథాగమనంలో ఈ ఘట్టం పాండవుల జన్మకు కారణమైన శాపంగానే గుర్తుండిపోతుంది. కానీ శాపానికి ముందు వారిద్దరి మధ్య నడిచిన వాదం స్వతంత్రంగా పరిశీలించదగినది.

పాండురాజు తన పక్షాన రాజధర్మాన్ని నిలుపుకొన్నాడు. శత్రువులను చంపినట్లే మృగాలను చంపడం రాజులకు విహితమని, అందుకు అగస్త్యుడంతటివాడి ఆచరణ ప్రమాణమని అతని వాదం. కిందముడు ఈ వాదాన్ని తిరస్కరించలేదన్నది ఇక్కడ ముఖ్యాంశం. మృగాన్ని చంపినందుకు నిన్ను నిందించడం లేదని అతడు స్పష్టంగా చెప్పాడు. జంటగా కూడి ఉన్న క్షణం ముగిసేదాకా నీవు ఆగవలసింది, ఆ పాటి కనికరం నీకు లేకపోయిందన్నదే అతని అభియోగం. శత్రువునైనా నిస్సహాయుడై ఉన్నప్పుడు కొట్టరాదన్న యుద్ధనీతిని అతడు రాజు వాదానికే ఎదురు నిలిపాడు. నన్నయ తెనిగించిన ఈ ఘట్టంలో, అడవిలో వేటే బతుకైన ఎఱుకులు సైతం అలాంటి స్థితిలో ఉన్న మృగాలను కొట్టరన్న మాట వాదానికి బలమైన ప్రమాణంగా వస్తుంది. రాజు శాస్త్రాన్ని ప్రమాణంగా చూపితే, ముని అడవివాసి ఆచారాన్ని ప్రమాణంగా చూపాడు. ధర్మసూక్ష్మం ఇక్కడ రాజసభనుంచి కాక అడవినుంచి వచ్చింది.

ఇదే మర్యాద తెలుగు నేలకు ఎంతో దగ్గరైన మరో కథలోనూ కనిపిస్తుంది. శ్రీకాళహస్తితో ముడిపడిన కన్నప్ప కథను 12వ శతాబ్దిలో సేక్కిళార్ తమిళంలో పెరియపురాణంలో చెప్పాడు. అందులోని వేటఘట్టంలో వేటగాళ్లు పసికూనలను చంపరు, చూలుతో అడుగులు తడబడే మృగాల జోలికి పోరు. వారు వేట మానినవారు కారు. వేటలోనే ఒక హద్దు గీసుకున్నవారు.

కిందముడి వాదానికి ఒక బలం, ఒక బలహీనత ఉన్నాయి. అది ఆచరణసాధ్యమైనది కావడం దాని బలం. వేట మానమని అది రాజును అడగదు. కొద్దిసేపు ఆగమని మాత్రమే అడుగుతుంది. ఆ కొద్దిసేపు ఆగితే పాండురాజుకు కలిగే నష్టం దాదాపు శూన్యం. అతడు ఆకలితో లేడు, అతనికి ఆ మృగమే కావాలన్న అవసరమూ లేదు. ఇంత స్వల్పమైన నిరీక్షణను కూడా నిరాకరించడం వల్లనే అతని తప్పు అంత పెద్దదైంది. ఈ వాదం మిగిలిన కాలమంతటినీ వేటగాడికి ధారపోయడం దాని బలహీనత. సంగమకాలంలో చంపవద్దంటే, తక్కిన కాలంలో చంపవచ్చునన్న అనుమతి అందులోనే ఇమిడి ఉంది. మినహాయింపు ఎంత ఇరుకైతే అనుమతి అంత విశాలమవుతుంది. ఈ కోణంలో చూస్తే కాలనియమం హింసకు అడ్డుకట్ట అయినంతగా హింసకు సమర్థన కూడా అవుతుంది.

మూడు లేళ్లు, ఒక రాత్రి

మహాశివరాత్రి నాడు తెలుగు ఇళ్లలో చదివే వ్రతకథలలో వ్యాధుడి కథ ఒకటి. దాని ప్రచలిత పాఠాలలో ఒకదాని ప్రకారం, పగలంతా వేట దొరకని బోయవాడు రాత్రి ఒక జలాశయం పక్కనున్న మారేడు చెట్టెక్కి కూర్చున్నాడు. మొదటి జామున వచ్చిన లేడి చూడిది. కడుపులోని ప్రాణాన్ని చంపవద్దని, ఈనిన తరువాత తిరిగి వస్తానని అది వేడుకున్నది. తరువాత వచ్చిన లేడి తన మగనికోసం వెదుకుతూ విరహంతో తిరుగుతున్నది. మగనితో కూడిన తరువాత వస్తానని అది మాట ఇచ్చింది. పిమ్మట ఇఱ్ఱి వచ్చి ఆడలేళ్ల జాడ అడిగింది. చివరగా వచ్చిన లేడి వెంట పిల్లలున్నాయి. వాటిని అప్పగించి వస్తానన్నది. వ్యాధుడు అన్నింటినీ విడిచిపెట్టాడు. తెల్లవారేసరికి అవన్నీ మాట తప్పక తిరిగివచ్చాయి. అతడు విల్లు దించాడు.

ఈ కథను సాధారణంగా తెలియక చేసిన శివపూజ మహిమకు, మృగాల సత్యనిష్ఠకు నిదర్శనంగా చెబుతారు. వధకాలం దృష్టితో చదివినప్పుడు దీనిలో మరో నిర్మాణం కనిపిస్తుంది. ఆ రాత్రి వచ్చిన మూడు ఆడలేళ్లు వేరువేరు వ్యక్తులే కాదు, ఒకే ఆడమృగం బతుకులోని మూడు దశలు కూడా. ఎద, చూలు, పాలు అనే ఆ మూడు దశలు ఒకదాని తరువాత ఒకటి వస్తూ దాని సంతానవయస్సు మొత్తాన్ని నింపేస్తాయి. మూడింటికీ మినహాయింపు ఇచ్చిన వేటగాడికి ఇక ఏ కాలం మిగులుతుంది? రాత్రిలోని అన్ని జాములూ అలాగే గడిచిపోయాయి. కిందముడు ఒక్క దశకే మినహాయింపు అడిగాడు గనుక వేట మిగిలింది. వ్రతకథలోని లేళ్లు మూడు దశలకూ అడిగాయి గనుక వేట మిగలలేదు. వాయిదాను నిజాయితీగా పాటిస్తూ పోతే అది చివరకు విరమణగా మారుతుందని ఈ కథ సిద్ధాంతం చెప్పకుండానే చూపుతుంది.

పాశ్చాత్య దేశాల లేళ్ల నిర్వహణలోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది. స్కాట్లండ్‌లో తోడేళ్లు అంతరించి, ఎర్రదుప్పుల సంఖ్య అడవి తట్టుకోలేనంతగా పెరిగినందున, సంఖ్యను అదుపులో ఉంచడానికి ఆడవాటిని చంపడం అవసరమని అక్కడి నిర్వాహకులు భావిస్తారు. మగవాటిని ఎన్నింటిని చంపినా, మిగిలిన కొద్ది మగవాటితోనే మందలోని ఆడవన్నీ చూలు దాల్చగలవు. అందుకే సంఖ్య తగ్గాలంటే ఆడవాటి దగ్గరికే వెళ్లాలి. అక్కడి చట్టం ఎర్ర ఆడదుప్పి వేటకు అక్టోబరు 21 నుంచి ఫిబ్రవరి 15 వరకు గడువు ఇచ్చింది. ఇవి సెప్టెంబరు చివర, అక్టోబరు నెలల్లో జతకట్టి జూన్ ప్రాంతంలో ఈనుతాయి. వేసవిలో చంపితే పాలు తాగే పిల్ల ఆకలితో చస్తుంది. శీతకాలంలో చంపితే కడుపులోని పిండం చస్తుంది. గడువు మొదట్లో చంపితే పిండం ఇంకా చిన్నది, పిల్లకు మాత్రం తల్లి అవసరం పూర్తిగా తీరదు. గడువు చివర్లో చంపితే పిల్ల కొంత ఎదిగి ఉంటుంది, పిండమూ ఎదిగి ఉంటుంది. ఏ మచ్చా లేని కాలం పంచాంగంలో ఎక్కడా లేదు. చట్టం తక్కువ చెడును ఎంచుకుంది. వ్రతకథలోని వ్యాధుడికి మొదటి జామునుంచి చివరి జాముదాకా ఎదురైనది ఈ సత్యమే.

వ్యాధుడి కథలో గమనించవలసిన మరో అంశం ఆకలి. అతడు పాండురాజు కాడు. అతని ఇంట్లో తిండికోసం ఎదురుచూసేవారున్నారు. ఒక్కొక్క లేడిని విడిచిపెట్టినప్పుడల్లా ఆకలి అతనిమీదికే తిరిగివచ్చింది. కథ ఆ ఆకలిని ఉపవాసమన్నది, ఆ ఎదురుచూపును జాగరణమన్నది. మృగానికి ఇచ్చిన గడువును వేటగాడు తన కడుపుతో చెల్లించడమే అతని వ్రతం. 15వ శతాబ్ది కవి అనంతామాత్యుడి భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదంలోనూ ఇదే అమరిక ఉంది. దూడకు పాలిచ్చి వస్తానన్న ఆవును పులి నమ్మి పంపింది. ఆవు సత్యం తప్పనందుకు మనం దానిని మెచ్చుకుంటాం. ఆకలిగొన్న పులి నోటికందిన తిండిని వదులుకొని కూర్చున్న కాలం కూడా ఆ మెప్పులో పాలు పంచుకోదగినదే.

తిథి నియమం, స్థితి నియమం

ఈ కథలలోని కాలభావనకు ఒక ప్రత్యేకత ఉంది. కిందముడు గానీ, వ్యాధుడి ఎదుట నిలిచిన లేళ్లు గానీ ఏ మాసాన్నీ, ఏ ఋతువునూ పేర్కొనలేదు. ఎదుటనున్న ప్రాణి ఏ స్థితిలో ఉందన్నదే వారి కొలమానం. స్కాట్లండ్ చట్టం అలా కాక పంచాంగంలో తేదీలను నిర్ణయించింది. మొదటి పద్ధతిని స్థితి నియమమని, రెండవదానిని తిథి నియమమని వ్యవహరించవచ్చు.

ఈ భేదానికి ప్రకృతిలోనే ఒక ఆధారం ఉంది. చలిదేశాలలో లేళ్లు ఏటా ఒకే ఋతువులో జతకట్టి ఒకే ఋతువులో ఈనుతాయి. అక్కడ నెల పేరు చెబితే మంద స్థితి మొత్తం చెప్పినట్లే. ఆంధ్ర, తెలంగాణ అడవులలోని చుక్కలదుప్పి, మైదానాలలోని కృష్ణజింక ఏడాది పొడవునా జతకట్టగలవు. కొన్ని నెలలలో ఈతలు ఎక్కువైనా, ఏ నెలలో చూసినా మందలో ఎదకు వచ్చినవి, చూడివి, పిల్లతల్లులు కలిసే ఉంటాయి. ఇలాంటి మందకు తేదీ చెప్పి ప్రయోజనం లేదు. ఒక్కొక్క మృగాన్నీ చూసి తెలుసుకోవాలి. ఇక్కడి కథలు మాసాన్ని వదిలి స్థితిని పట్టుకోవడం వెనుక ఈ నేలను, ఈ మృగాలను దగ్గరగా చూసిన అనుభవం ఉండి ఉండవచ్చు. తెలుగులో ఎద, చూలు, చూడి, ఈత, పొదుగు దిగడం వంటి మాటలు పశువుల కాపరి నుడికారంలో వేరువేరుగా నిలిచి ఉండడం కూడా ఇలాంటి చూపుకు అనుగుణమైనదే.

భారతదేశంలో ఆధునిక చట్టం మొదట తిథి నియమంతోనే వచ్చింది. 1887లో అడవిపక్షుల రక్షణకు చేసిన చట్టం, అవి పిల్లలు చేసే కాలంలో అప్పుడే చంపిన పక్షులను కలిగి ఉండడాన్ని, అమ్మడాన్ని నిషేధించే ఏర్పాటు చేసింది. 1912 నాటి అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టం లేళ్లతో సహా అనేక జంతువులకు వేట నిషిద్ధకాలాన్ని ప్రకటించే అధికారాన్ని ప్రాంతీయ ప్రభుత్వాలకు ఇచ్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి స్థితి నియమాన్ని కూడా జోడించింది. ప్రత్యేక అనుమతి లేకుండా పిల్లలను గానీ, పిల్లలు వెంట ఉన్న తల్లిని గానీ, కొమ్ములు ఇంకా లేతగా మెత్తని చర్మంతో కప్పి ఉన్న దుప్పిని గానీ వేటాడరాదన్నది. 1991 సవరణతో లైసెన్సు వేట పద్ధతే పోయింది. షెడ్యూళ్లలో రక్షణ పొందిన జంతువుల వేట, చట్టం చెప్పిన ప్రత్యేక పరిస్థితులలో తప్ప, పూర్తిగా నిషిద్ధమైంది.

ఈ చట్టాల క్రమం వ్రతకథ క్రమాన్నే పోలి ఉంది. మొదట కొన్ని నెలలు, తరువాత కొన్ని స్థితులు, చివరకు అన్ని కాలాలు. అయితే రెండింటికీ కారణం ఒకటి కాదు. చట్టాన్ని నడిపించినది ప్రధానంగా తగ్గిపోతున్న జంతువుల సంఖ్య. వలసపాలన నాటి నిషిద్ధకాలాలలో రాబోయే ఏటి వేటకు మృగాలను మిగుల్చుకోవాలన్న ఆలోచన బలంగా ఉండేది. విత్తనపు గింజను దాచుకున్నట్లు చూడి లేడిని దాచుకోవడం అది. పాశ్చాత్య వన్యప్రాణి నిర్వహణ శాస్త్రం వేటను పంటకోత మాటతోనే వ్యవహరించడం యాదృచ్ఛికం కాదు. తెలుగులోనూ వరికీ కోత అంటాము, కోడికీ కోత అంటాము. కానీ వరికోతలో ఎప్పుడన్న ప్రశ్న గింజ పాలుపోసుకోవడానికి, పండడానికి సంబంధించినది. గింజ తరఫున అడిగేవారు లేరు. లేడి విషయంలో అడిగే గొంతును మన కథలు సృష్టించాయి. కిందముడి మృగం మాట్లాడింది, వ్యాధుడి లేళ్లు మాట్లాడాయి, భోజరాజీయంలో ఆవు మాట్లాడింది. కోతకాలాన్ని కోసేవాడు నిర్ణయిస్తాడు. వధకాలం గురించి చచ్చేవారికి కూడా ఒక మాట ఉంటుందన్నది ఈ కథల ప్రతిపాదన.

1972 చట్టంలోని ఒక మినహాయింపు ఈ సందర్భంలో ఆలోచింపజేస్తుంది. పిల్లలకు, పిల్లతల్లులకు ఇచ్చిన రక్షణ హానికర జంతువులుగా వర్గీకరించినవాటికి వర్తించలేదు. అంటే కాలం ఇవ్వడమనేది ఒక రకమైన గౌరవం. ఏ ప్రాణికి హానికరమన్న ముద్ర పడుతుందో దాని చూలు, దాని పాలు లెక్కలోకి రావు. స్థితిని చూడాలంటే ముందుగా ఆ ప్రాణిని ప్రాణిగా చూడాలి.

ఎవరి వంతు

నిరీక్షణ భారాన్ని ఎవరు మోయాలన్న ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్నది బౌద్ధజాతక కథ. కృష్ణా డెల్టాకు ఈ వారసత్వం పరాయిది కాదు. ఘంటసాల, గుడివాడ వంటి చోట్ల బౌద్ధస్తూపాల అవశేషాలు ఇప్పటికీ ఉన్నాయి. నిగ్రోధమృగ జాతకంలో కాశీరాజుకు నిత్యం వేట కావాలి. అతని వేటలో లేళ్లు గాయపడి చెదిరిపోవడాన్ని తప్పించడానికి, రెండు మందల నాయకులు ఒక ఒప్పందానికి వచ్చారు. రోజుకొక లేడి, ఒకరోజు ఒక మందనుంచి, మరొకరోజు మరొక మందనుంచి, వంతు ప్రకారం వధ్యశిల దగ్గరికి వెళ్లాలి. ఒకనాడు శాఖమృగం మందలోని చూడి లేడికి వంతు వచ్చింది. ఈనిన తరువాత తామిద్దరమూ చెరొక వంతు చెల్లిస్తామని, అంతవరకు తన వంతు దాటవేయమని అది తన నాయకుణ్ణి వేడుకున్నది. నీ వంతును మరొకరిమీద వేయలేనని శాఖమృగం నిరాకరించింది. ఆ లేడి నిగ్రోధమృగం దగ్గరికి వెళ్లింది. నిగ్రోధమృగం మరొకరికి చెప్పకుండా తానే వెళ్లి వధ్యశిలమీద మెడ ఉంచింది. అది చూసి చలించిన రాజు మొదట ఆ ఇద్దరికి, తరువాత లేళ్లన్నింటికీ, చివరకు సకల ప్రాణులకూ అభయమిచ్చాడు.

శాఖమృగం వాదాన్ని క్రూరత్వమని తోసిపుచ్చడం సులభం. కానీ అందులో న్యాయం ఉంది. చూడి లేడికి గడువిస్తే ఆనాటి వధ ఆగదు. వంతు మారుతుందంతే. మరొక ప్రాణి తన రోజుకంటే ముందుగా చావాలి. ఒకరిపై చూపిన కనికరం మరొకరిపై మరణమై పడుతుంది. నిగ్రోధమృగం ఈ న్యాయాన్ని కాదనలేదు. వంతు ఎవరో ఒకరు చెల్లించాలని అంగీకరించి, చెల్లించేవాడు తానయ్యాడు. కనికరం చూపాలని నిర్ణయించినవాడే దాని వెల కూడా చెల్లించాలన్నది ఆ కథలోని నీతి. కిందముడి కథలో వెల శూన్యం, అయినా రాజు చెల్లించలేదు. వ్యాధుడి కథలో వెల ఆకలి, అతడు చెల్లించాడు. జాతకంలో వెల ప్రాణం, నాయకుడు చెల్లించడానికి సిద్ధపడ్డాడు.

ఈ ప్రమాణంతో చూసినప్పుడు 1991 నాటి సంపూర్ణ నిషేధం కూడా ప్రశ్నకు అతీతం కాదు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. దానికి అన్ని కాలాలలోనూ అభయం ఉంది. కర్నూలు ప్రాంతంలో రోళ్లపాడు అభయారణ్యం చుట్టుపక్కల మెట్టరైతులు జింకల మందలు తమ పైర్లను మేసిపోతున్నాయని చాలాకాలంగా మొరపెట్టుకుంటున్నారు. జింకకు అభయమిచ్చినది రాజ్యం. ఆ అభయానికి వెల చెల్లిస్తున్నది ఒక్కవాననే నమ్ముకున్న రైతు. అభయం ఇవ్వడం తప్పని దీని అర్థం కాదు. ఇచ్చినవారు వెలలో తమ వాటా మోయనప్పుడు అది నిగ్రోధమృగం చేసిన పని కాబోదని మాత్రమే అర్థం.

హనుమాన్ జంక్షన్ కూడలిలో

విజయవాడ, ఏలూరుల మధ్య 16వ నంబరు జాతీయ రహదారిపై, కృష్ణా జిల్లా బాపులపాడు మండలంలో హనుమాన్ జంక్షన్ ఉంది. ఆంజనేయస్వామి ఆలయం పేరుతో వెలసిన ఈ కూడలినుంచి ఉత్తరంగా నూజివీడుకు, దక్షిణంగా గుడివాడ మీదుగా మచిలీపట్నానికి దారులు చీలుతాయి. ఇక్కడ లేళ్ల వేట లేదు. కానీ ఆడమృగాన్ని ఎప్పుడు చంపాలన్న ప్రశ్న ఈ కూడలికి చేరే దారులలో మూడు రూపాలలో నేటికీ సజీవంగా ఉంది. గొర్రె, కోడి, చేప ఆ మూడు రూపాలు.

గొర్రె విషయంలో అమలులో ఉన్నది స్థితి నియమం. 2001 నాటి వధశాలల నియమావళి ప్రకారం చూలుతో ఉన్న పశువును, మూడు నెలలలోపు పిల్ల ఉన్న తల్లిని, మూడు నెలల వయస్సు నిండని పిల్లను వధించరాదు. పశువైద్యుడి ధ్రువీకరణ లేకుండా ఏ పశువునూ వధించరాదు. వ్యాధుడి కథలో చూడి లేడి, పిల్లతల్లి అడిగిన రెండు మినహాయింపులూ ఇందులో చట్టరూపం దాల్చాయి. అయితే స్థితి నియమం చూపుమీద ఆధారపడుతుంది. గొర్రె చూలు మోసేది సుమారు ఐదు నెలలు. తొలి రోజులలో చూలును పైకి చూసి చెప్పడం కష్టం. కథలో లేడి తానే నోరు విప్పి చెప్పింది. గొర్రె చెప్పదు. గనుక దాని తరఫున తెలుసుకునే బాధ్యత మనుషులది. చూడి గొర్రెను కటికవాడికి అమ్మడానికి కాపరి సాధారణంగా ఇష్టపడడు, అది అతనికి రాబోయే మంద. కానీ అప్పు గడువు, పెళ్లి, ఆసుపత్రి ఖర్చు ముంచుకొచ్చినప్పుడు అతని నిరీక్షణకు హద్దు వస్తుంది. కాపరి ఆగలేని పరిస్థితిలో ఉన్నప్పుడు, నియమం ఆగమని చెబుతుంది గానీ ఆగినందుకు అతనికి చేయూతనివ్వదు.

కోడి విషయంలో కాలం ప్రశ్ననే రద్దు చేశారు. నూజివీడు, హనుమాన్ జంక్షన్ పరిసరాలలో గుడ్ల కోళ్ల ఫారాలు విస్తరించాయి. పెట్టకు సహజంగా పగటి నిడివి తగ్గినప్పుడు గుడ్లు తగ్గుతాయి. దీపాలతో పగటిని పొడిగించి ఆ ఋతువును తొలగించారు. పొదిగే కాలం లేదు, పిల్లలను తిప్పే కాలం లేదు. గుడ్ల దిగుబడి మేత ఖర్చుకు చాలనప్పుడు దానిని కోతకు పంపుతారు. లేడి విషయంలో సంతానకాలం ప్రాణానికి రక్షణ. పెట్ట విషయంలో సంతానశక్తి ఉడిగిన రోజే వధకాలం. పైకి ఈ రెండూ ఒకే నియమంలా కనబడతాయి. రెండింటిలోనూ పిల్లలు కనే ఆడది బతుకుతుంది. కానీ మొదటిదానిలో వేటగాడు ఏదో వదులుకుంటాడు. రెండవదానిలో ఎవరూ ఏమీ వదులుకోరు. కాలనియమంలో దయ ఉందా, లెక్క మాత్రమే ఉందా అని తేల్చుకోవడానికి ఇంతకంటే స్పష్టమైన గీటురాయి లేదు.

చేప విషయంలో తిథి నియమం నడుస్తుంది. దక్షిణాన మచిలీపట్నం తీరంతో సహా తూర్పుతీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలపై, ఇంజను పడవలపై సముద్రవేట నిషేధం ఉంటుంది. 2015కు ముందు ఈ నిషేధం 47 రోజులే. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడడం దీని ఉద్దేశం. నీటిలోని చేప స్థితిని ఒక్కొక్కదానినీ చూసి తెలుసుకోలేము. వలకు చూడి చేప, వట్టి చేప అన్న భేదం తెలియదు. అన్ని జాతులూ ఈ రెండు నెలలలోనే గుడ్లు పెట్టవు. కాబట్టి ఇక్కడ తిథి నియమం అసంపూర్ణమైనా తప్పనిసరి. ఈ నియమంలో కథలకు సన్నిహితమైన అంశం మరొకటి ఉంది. వేట ఆపిన మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2019 నుంచి ఇది 10,000 రూపాయలు, 2025లో 20,000 రూపాయలు. రెండు నెలల సంపాదనకు ఇది సరిపోతుందా అన్నది వేరే చర్చ. చేపకు ఇచ్చిన గడువు వెలను ఒక్క జాలరి కడుపే చెల్లించనక్కరలేదని, ఆ చేపను తినే సమాజం కూడా పంచుకోవాలని ఈ ఏర్పాటు అంగీకరించింది. జాతకం లేవనెత్తిన వంతు ప్రశ్నకు ఆధునిక రాజ్యం ఇచ్చిన సమాధానాలలో ఇదొకటి. గొర్రెల కాపరికి, రోళ్లపాడు రైతుకు ఇంత నేరుగా అందని సమాధానం ఇది.

ముగింపు

ఆడమృగాన్ని ఎప్పుడు చంపాలన్న ప్రశ్నకు నిర్దోషమైన సమాధానం దొరకదు. ఎద, చూలు, పాలు దాని బతుకును ఖాళీ లేకుండా నింపుతాయి. చలిదేశపు చట్టం తక్కువ చెడును వెదికింది. వ్యాధుడు వెదుకుతూ వెదుకుతూ విల్లు దించాడు. కిందముడు ఒక్క క్షణం అడిగాడు, దానికీ నోచుకోలేదు. ఈ మూడు ముగింపులలో ఏదో ఒకదానిని సార్వత్రిక ధర్మంగా నిలపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మాంసం తినే సమాజాన్ని వ్యాధుడి స్థానానికి చేర్చడం ఒక వ్యాసంతో జరిగే పని కాదు.

అయితే ఈ కథలు ఒక్క విషయంలో ఏకాభిప్రాయంతో ఉన్నాయి. చంపేవాడు ఆగడం అతనికి కష్టమైనప్పుడే ఆ ఆగడానికి నైతికమైన విలువ వస్తుంది. తనకు లాభమున్నప్పుడు ఆగినవాడు రైతులా విత్తనాన్ని దాచుకుంటున్నాడు. అది వివేకం, దయ కాదు. తాను ఆగి, ఆ భారాన్ని బలహీనుడిమీద వేసినవాడు శాఖమృగంకంటే కూడా తక్కువవాడు. శాఖమృగం కనీసం వంతు మార్చడానికి ఒప్పుకోలేదు. కనుక నిషిద్ధకాలాన్ని నిర్ణయించే ప్రతి నియమాన్నీ రెండు ప్రశ్నలతో పరీక్షించవలసి ఉంటుంది. ఈ నియమం ప్రాణి స్థితిని నిజంగా చూస్తున్నదా, లేక తేదీని మాత్రమే చూస్తున్నదా? ఇందులోని నిరీక్షణకు ఎవరి ఇంట్లో పొయ్యి వెలగడం లేదు?

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది కాపరి, పశువైద్యుడు, జీవశాస్త్రజ్ఞుడు. రెండవ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది మాంసం కొనే ప్రతి ఇల్లు. పాండురాజు కథలో ఈ రెండు ప్రశ్నలనూ అడిగింది బాణం తగిలిన మృగం. బాణం తగలకముందే ఆ ప్రశ్నలు అడగడం మనుషులకు సాధ్యం. అలా అడగడాన్ని సాధ్యం చేయడమే ఈ కథలకు నేటికీ మిగిలి ఉన్న ప్రయోజనం.